కారణం రాసివ్వండి

2022లో వేసవి సెలవులు అయిపోయాక ఒక సోమవారం పొద్దున తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. అప్పుడు నాకు ఆరో నెల. ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మూడేళ్ళ నియామక ఉత్తర్వులు, పీహెచ్‌డీ పట్టా జిరాక్సు, మా విద్యార్థుల ఫలితాల పట్టిక, ఒక సన్మాన పత్రం ఉన్నాయి. నాకు అన్యాయం జరిగిందని చెప్పడానికి ఇన్ని కాగితాలున్నాయి కదా అని కొంత ధైర్యంగానే ఉన్నాను. చంద్రగిరి కోట దాటి, కాశిపెంట్ల దాటి, పూతలపట్టు చేరేసరికి ఎండ ముదిరింది. ఆ ఏప్రిల్లోనే మా జిల్లా విడిపోయింది. తిరుపతి ఒక జిల్లా, చిత్తూరు ఒక జిల్లా. అయినా మా ఇళ్ళల్లో లాయరు దగ్గరికి పోవాలంటే ఇప్పటికీ చిత్తూరికే పోతారు.

ప్రభుత్వ నిధులతో నడిచే ఒక కాలేజీలో మూడేళ్ళు కాంట్రాక్టు మీద తెలుగు పాఠాలు చెప్పాను. ప్రతి వేసవిలో ఉద్యోగం అయిపోతుంది, సెలవులయ్యాక కొత్త ఆర్డరు వస్తుంది. ఆ ఏడు మాత్రం రాలేదు. వారం తిరిగాను. ఎనిమిదో రోజు పెద్దసారు వరండాలో నిలబడి, "మొదటి కాన్పు కదమ్మా, ఈ యేడు విశ్రాంతి తీసుకో. ఉద్యోగం యాడికి పోతుంది?" అన్నారు. చాలా ప్రేమగా అన్నారు. నేను కూడా "సరే సార్" అని ఇంటికొచ్చేశాను. దానికి ఏమని పేరు పెట్టాలో తెలియడానికి రెండు రోజులు పట్టింది.

లాయరమ్మకు అరవై ఏళ్ళుంటాయి. కవరులోని కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చూశారు.

"ఏమని చెప్పి తీసేసినారు?"

"తీసెయ్యలేదు మేడమ్. రెన్యువల్ చెయ్యలేదు."

"అదేలే. ఏమని చెప్పినారు?"

వరండా మాట చెప్పాను.

"రాసిచ్చినారా?"

"లేదు."

"ఎవరన్నా విన్నారా?"

"అటెండరు ఉన్నాడు."

"వచ్చి చెప్తాడా?"

అతనిదీ మాలాంటి ఉద్యోగమే. చెప్పడని నాకు తెలుసు.

ఆమె కాగితాలు మళ్ళీ కవరులో పెట్టి నా వైపు జరిపారు. "ఇవన్నీ నువ్వు మంచి టీచరువని చెప్తాయి. కడుపుతో ఉండావని నిన్ను పక్కన పెట్టినారని వీటిల్లో ఒక్కటన్నా చెప్తాందా?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆమే కాసేపటికి, "నీతో పాటు కాంట్రాక్టులో ఉండేవాళ్ళు ఎంతమంది? ఎవరెవరికి ఆర్డరొచ్చింది? నీ క్లాసులు ఇప్పుడు ఎవరు చెప్తాండారు?" అని అడిగారు.

నాకు ఒక్కదానికీ సమాధానం తెలియదు. పెద్దసారు ముఖం ఎలా ఉంది, గొంతు ఎలా మారింది, అటెండరు ఎటు చూశాడు, ఇవన్నీ గంటసేపు చెప్పగలను. నా క్లాసులు ఎవరు చెప్తున్నారో మాత్రం కనుక్కోలేదు.

తిరుగు బస్సులో నా చదువు గురించే ఆలోచించాను. రాయలసీమ కథల్లో స్త్రీల శ్రమ మీద నేను సిద్ధాంత వ్యాసం రాశాను. కథలో భర్త మనసులో ఏముందో, దొర మనసులో ఏముందో రచయిత మనకు చెప్తాడు. చెప్పకపోయినా సూచిస్తాడు. మేము ఆ సూచనలు పట్టుకుని వ్యాసాలు రాస్తాం. కోర్టుకు అలా లోపలి మాట చెప్పే కథకుడు లేడు. పెద్దసారు మనసులోకి ఎవరూ తొంగిచూడలేరు. మరి మనసులో ఉన్న వివక్షను మనుషులు ఎలా రుజువు చేస్తారు? ఆ ప్రశ్నతో తీర్పులు చదవడం మొదలుపెట్టాను. కాన్పు దాకా చదివాను, కాన్పు తర్వాత పాప నిద్రపోయినప్పుడల్లా చదివాను. సాహిత్యం చదివిన దాన్ని గనక మొదట్లో సెక్షన్లు వదిలేసి కథల కోసమే చదివాను. తర్వాత తెలిసింది, ఆ కథల్లోనే సెక్షన్లున్నాయని.

పాత కేసుల్లో రుజువు చేయడం ఒక రకంగా సులువు. ఎందుకంటే వివక్షను వాళ్ళే రాసిపెట్టుకున్నారు. సి.బి. ముత్తమ్మ 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు. ఆ సర్వీసులో స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనీ, పెళ్ళి వల్ల పనికి ఇబ్బంది అని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చెయ్యమనవచ్చనీ నియమాల్లో అచ్చయి ఉంది. పదోన్నతి ఇవ్వకపోతే ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నియమాలను గట్టిగా తప్పుపట్టారు. అయితే ఆ తీర్పు చివర ఏముందో చాలామంది చెప్పరు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చేసింది. కాబట్టి పిటిషను కొట్టేశారు. ఈ సంగతి అప్పుడు చదివి నవ్వుకున్నాను. నా విషయంలో ఏం జరగబోతుందో నాకప్పటికి తెలియదు.

1981 నాటి ఎయిరిండియా కేసులో కూడా నియమం రాసే ఉంది. మొదటి గర్భంతోనే ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం పోతుందన్న నియమాన్ని నర్గేశ్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న నియమాన్ని మాత్రం ఉంచింది. విమానంలో పనిచేసే మగవాళ్ళతో పోల్చమంటే, వాళ్ళది వేరే తరగతి అంది.

నీరా మాథుర్ కథ నన్ను ఎక్కువగా కదిలించింది. ఆమె 1989లో ఎల్.ఐ.సి.లో చేరారు. చేరేటప్పుడు నింపిన ఫారంలో నెలసరి సరిగా వస్తుందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావం అయిందా అని ప్రశ్నలున్నాయి. ప్రసూతి సెలవు తీసుకున్నాక, ప్రొబేషన్‌లో ఉండగానే ఆమెను తీసేశారు. కోర్టులో సంస్థ జవాబు చెప్పుకోవలసి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆమె ఫారంలో నెలసరి తేదీ తప్పు రాసిందట. ఆమె పని బాగాలేదనడానికి రికార్డులో ఏమీ లేదనీ, తీసేయడానికి కారణం ఆ ఫారమేననీ సుప్రీంకోర్టు గుర్తించి, 1991లో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆ ప్రశ్నలు ఫారం నుంచి తీసెయ్యమంది.

ఫారంలోంచి ప్రశ్నలు పోయాయి. మనుషుల నోళ్ళలో ఉన్నాయి. ఇంటర్వ్యూకు వెళ్ళిన ఆడవాళ్ళలో "పెళ్ళయిందా, పిల్లలెంతమంది, ఆయన ఎక్కడ పనిచేస్తాడు" అని అడిగించుకోని వాళ్ళు ఎంతమంది ఉంటారు? ఇప్పుడు ఎవరూ రాయరు. రాయకూడదని వాళ్ళూ నేర్చుకున్నారు.

రాయని వివక్షను రుజువు చేసే పద్ధతి ఒకటి అమెరికా కోర్టులు తయారుచేశాయి. పెర్సీ గ్రీన్ అనే నల్లజాతి మెకానిక్ సెయింట్ లూయిస్‌లో విమానాల కంపెనీలో పనిచేసి, ఉద్యోగం పోయాక మళ్ళీ అక్కడే దరఖాస్తు పెట్టుకుంటే తీసుకోలేదు. 1973లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది ఇది. దరఖాస్తుదారు ముందు నాలుగు మాటలు చూపించాలి. తాను వివక్షకు గురయ్యే వర్గం మనిషిననీ, ఆ పనికి తగిన అర్హత ఉండి దరఖాస్తు చేశాననీ, తనను కాదన్నారనీ, ఆ తర్వాత కూడా ఆ ఉద్యోగం ఖాళీగా ఉంచి తనలాంటి అర్హత ఉన్నవాళ్ళ కోసం వెతికారనీ. ఇంతవరకూ చూపిస్తే చాలు. అప్పుడు యజమాని నోరు విప్పి ఒక కారణం చెప్పాలి. చెప్పాక, అది నిజం కారణం కాదు, సాకు అని చూపించే అవకాశం మళ్ళీ దరఖాస్తుదారుకు వస్తుంది.

ఇది చదివినప్పుడు లాయరమ్మ ప్రశ్నలు అర్థమయ్యాయి. మనసులో ఏముందని ఆమె నన్ను అడగలేదు. నా కుర్చీలో ఎవరు కూర్చున్నారని అడిగారు. మనసును చదవలేం కాబట్టి పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరు మనుషులు, ఒకే పని, రెండు ఫలితాలు. తర్వాత యజమాని చెప్పిన కారణాన్నీ, అతను చేసిన పనినీ పక్కపక్కన పెట్టాలి. మేము రెండు పాఠాంతరాలను పక్కపక్కన పెట్టి చదువుతామే, అలా.

మన దేశంలో ఉద్యోగ వివక్షలన్నిటికీ కలిపి ఒకే చట్టం లేదు. ప్రభుత్వోద్యోగమైతే రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణాలున్నాయి. ప్రైవేటులో కూడా వర్తించేలా 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. కూలి దగ్గరే కాక పనిలోకి తీసుకునే దగ్గర కూడా ఆడా మగా తేడా చూపకూడదని అందులో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ నిషేధం దీని 3వ సెక్షన్లో కొనసాగుతోంది. ఇవ్వాల్సిన వేతనం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో కార్మికురాలు ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే అని 59వ సెక్షన్ చెప్తుంది. పనిలోకి ఎందుకు తీసుకోలేదో రుజువు చేసే భారం గురించి మాత్రం అలాంటి మాట లేదు. ఇంగ్లండులో 2010 నాటి సమానత్వ చట్టం 136వ సెక్షన్లో ఆ మాట ఉంది. అనుమానించదగిన సంగతులు చూపిస్తే చాలు, కాదని చూపించే పని యజమానిదే. మనకు సాక్ష్య చట్టంలో ఒక పాత సూత్రం ఉంది. ఒక సంగతి ఎవరికి ప్రత్యేకంగా తెలుసో దాన్ని రుజువు చేయవలసింది వాళ్ళే అని. పాత చట్టంలో 106వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో 109. ఉద్యోగాల కోసం రాసింది కాదు గాని, నన్నెందుకు తీసుకోలేదన్న సంగతి నాకంటే నిన్నే ప్రత్యేకంగా ఎరుగును కదా అని యజమానిని అడగాలనిపిస్తుంది.

ఈ చదువంతా మా పెద్దమ్మకు చెప్పబోయాను. ఆమె చిత్తూరు పక్క పల్లెలో ఉంటుంది. తోతాపురి కాయ దిగే కాలంలో, మే నుంచి జులై దాకా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోయేది. ఆడవాళ్ళు కాయలు ఏరి, కడిగి, కోస్తారు. మగవాళ్ళు బుట్టలెత్తుతారు, డ్రమ్ములు దొర్లిస్తారు. కూలిలో తేడా ఉండేది. ఎందుకని అడిగితే బరువు పని వేరు, కత్తి పని వేరు అనేవాళ్ళట. "పొద్దన్నించీ నిలబడుకోని కోస్తే చెయ్యి ఎట్ల గుంజుతుందో వాళ్ళకేం తెలుసు" అంది పెద్దమ్మ.

"పని వేరు" అనే జవాబు చాలా పాతది. ఆడ్రీ డికోస్టా బొంబాయిలో ఒక షిప్పింగ్ కంపెనీలో స్టెనోగ్రాఫరు. 1977లో ఉద్యోగం పోయాక, మగ స్టెనోగ్రాఫర్ల కంటే తనకు తక్కువ జీతం ఇచ్చారని కేసు పెట్టారు. ఆడవాళ్ళు పెద్ద అధికారుల దగ్గర పనిచేసే అంతరంగిక స్టెనోగ్రాఫర్లు, వాళ్ళది వేరే తరగతి అనీ, యూనియనుతో ఒప్పందం కూడా ఉందనీ, ఇచ్చే స్తోమత లేదనీ కంపెనీ వాదించింది. 1987లో సుప్రీంకోర్టు ఒక్కటీ ఒప్పుకోలేదు. పని ఒకటేనా కాదా అన్నది విశాలమైన దృష్టితో చూడాలి, చిన్న చిన్న తేడాలు పట్టుకుని చూడకూడదు అంది. ఒక తరగతిలో ఆడవాళ్ళను మాత్రమే పెట్టి, ఆ తరగతికి తక్కువ జీతమిచ్చి, అది తరగతి తేడా అంటే చెల్లదు. టైపు కొట్టడం టైపు కొట్టడమే కాబట్టి ఆమె గెలిచింది. కత్తి పనినీ బరువు పనినీ పక్కపక్కన పెట్టి ఒకటేనని చూపించడం కష్టం. పనిని మొదటే విడగొట్టి పెట్టిన చోట పోల్చడానికి మగవాడు దొరకడు. కోసే చోట మగవాళ్ళను ఎందుకు పెట్టలేదు, ఎత్తే చోట ఆడవాళ్ళను ఎందుకు పెట్టలేదు అన్న ప్రశ్న ముందు రావాలి.

అయినా పెద్దమ్మకు తెలిసిన ఒక సంగతి నాకు తెలియదు. ఎవరికి ఎంత కూలి ముట్టిందో ఆమెకు తెలుసు. సాయంత్రం ఆటోలో ఇళ్ళకు పోతూ అందరూ చెప్పుకునేవాళ్ళు. "నీకెంతిచ్చినారు?" అనడం అక్కడ తప్పు కాదు. మా స్టాఫ్‌రూమ్‌లో జీతం అడగడం అమర్యాద. పక్క కుర్చీలో ఆయనకు ఎన్ని గంటలు, ఎంత జీతం, ఆర్డరు ఏ తేదీన వచ్చిందో మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ టైర్ల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు పనిచేశాక, ఎవరో పేరు లేకుండా ఆమె పెట్టెలో ఒక చీటీ పెట్టారు. అందులో ఆమె జీతమూ, అదే పని చేసే మగవాళ్ళ జీతాలూ ఉన్నాయి. కేసు వేస్తే, ఆలస్యంగా వచ్చావు, మొదటిసారి తక్కువ జీతం నిర్ణయించినప్పుడే రావలసింది అని 2007లో అక్కడి సుప్రీంకోర్టు పంపేసింది. తెలియని దాని మీద కేసెలా వేస్తుంది? 2009లో ఆమె పేరుతోనే చట్టం మార్చారు. ఆమెకు మాత్రం ఆ డబ్బు రాలేదు. పెద్దమ్మ ఆటోలో రోజూ దొరికేది లెడ్‌బెటర్‌కు పందొమ్మిదేళ్ళకు దొరికింది.

2024 జూన్‌లో మనకు పక్కనే ఉన్న శ్రీపెరంబుదూరు గురించి రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ఇచ్చింది. అక్కడి ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో పెళ్ళైన ఆడవాళ్ళను పనిలోకి తీసుకోవడం లేదని. కుటుంబ బాధ్యతలనీ, గర్భమనీ, సెలవులు ఎక్కువనీ, మెట్టెలూ తాళీ లాంటి లోహపు నగలు అడ్డమనీ కారణాలు వినిపించాయి. తాము వివక్ష చూపడం లేదని కంపెనీ గట్టిగా ఖండించింది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడును నివేదిక అడిగింది. అధికారులు ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు కంపెనీ ఇచ్చిన లెక్క ఇది. మొత్తం 41,281 మంది. అందులో ఆడవాళ్ళు 33,360. వాళ్ళలో పెళ్ళైనవాళ్ళు 2,750.

మొత్తంలో చూస్తే 6.7 శాతం. ఆడవాళ్ళలో చూస్తే 8 శాతం. ఈ అంకెను ఒకరు "చూడండి, పెళ్ళైనవాళ్ళూ ఉన్నారు" అనడానికి వాడుకోవచ్చు, ఇంకొకరు "చూడండి, ఎంత తక్కువో" అనడానికి వాడుకోవచ్చు. అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. ఎంతమంది పెళ్ళైనవాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు, ఎంతమంది పెళ్ళికానివాళ్ళు వచ్చారు, ఎవరిని ఎంతమందిని తీసుకున్నారు, ఈ మూడూ పక్కన పెడితేనే అది మాట్లాడుతుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా తర్వాత అధికారులను ఇదే విషయంలో తప్పుపట్టింది. లోపల పనిచేస్తున్నవాళ్ళ మాటల మీద ఆధారపడ్డారు, నియామకాల కాగితాలు పరిశీలించలేదని. లోపలికి వచ్చినవాళ్ళను అడిగితే, బయట నిలిపేసినవాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంకో తీర్పు నా నమ్మకాన్ని కదిలించింది. నేను కాగితాన్ని నమ్మేదాన్ని. 2021 మార్చిలో లెఫ్టినెంట్ కల్నల్ నితీశ కేసులో సుప్రీంకోర్టు సైన్యంలోని స్త్రీ అధికారుల శాశ్వత నియామకాల మీద తీర్పిచ్చింది. అందరికీ ఒకే కొలత పెట్టామంది సైన్యం. ఆరోగ్యానికి ఒకే ప్రమాణం, పాత వార్షిక నివేదికల్లో మార్కులు. అయితే మగవాళ్ళను ఆ ప్రమాణంతో పరీక్షించింది వాళ్ళ సర్వీసు ఐదో ఏడో పదో ఏడో. ఈ స్త్రీలను అప్పుడు పరీక్షించకుండా, నలభై నుంచి యాభై ఏళ్ళ వయసులో అదే ప్రమాణంతో పరీక్షించారు. ఇక వార్షిక నివేదికలు. ఈ ఆడవాళ్ళకు శాశ్వత ఉద్యోగం ఎలాగూ రాదు కదా అన్న కాలంలో పై అధికారులు అశ్రద్ధగా వేసిన మార్కులవి. ఉద్దేశం ఎవరిదీ అక్కరలేదు, ఫలితం చూడండి, ఇది పరోక్ష వివక్ష అని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. అంటే కాగితం కూడా అమాయకమైనది కాదు. ఎవరి కోసం, ఏ నమ్మకంతో రాశారో అది కూడా చదవాలి. సాహిత్య విద్యార్థిగా ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు పోయిన కేసు ఒకటుంది. 1984లో రాష్ట్ర సర్వీసు నియమాల్లో 22-ఎ చేర్చి, స్త్రీ పురుషులు సమానంగా తగిన ఉద్యోగాల్లో కనీసం 30 శాతం స్త్రీలకు ఇవ్వాలన్నారు. తనకు వివక్ష జరిగిందని ఒక పురుషుడు కోర్టుకు వెళ్ళాడు. హైకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు, పి.బి. విజయకుమార్ కేసులో, జస్టిస్ సుజాతా మనోహర్ రాసిన తీర్పుతో దాన్ని నిలబెట్టింది. శతాబ్దాలుగా స్త్రీలు వెనకబడి ఉండడమే ఇక్కడ ఆధారం, వాళ్ళ కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చన్న 15(3) ఉద్యోగాలకూ వర్తిస్తుంది అంది. అక్కడ ఏ ఒక్క స్త్రీ తన వరండా మాటను రుజువు చేయనక్కర్లేదు. మా తరం మాస్టారమ్మలూ, రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాలూ, గ్రూప్ వన్ అధికారులూ ఆ నియమం నీడలోంచి వచ్చినవాళ్ళే.

నా సంగతికొస్తాను. లాయరమ్మ సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయించారు. పది రూపాయల ఖర్చు. అడిగినవి ఇవి. ఆ ఏడు ఎంతమంది కాంట్రాక్టు అధ్యాపకులకు ఆర్డర్లిచ్చారు, ఏ తేదీన, ఏ ప్రాతిపదిక మీద. తెలుగు విభాగం టైంటేబులు, పోయినేడుదీ ఈ యేడుదీ. నాకు ఆర్డరు ఇవ్వకపోవడానికి కారణం. ఆ చివరిది నేనే రాశాను, "దయచేసి కారణం రాసివ్వండి" అని. నెలకు జవాబొచ్చింది. "పనిభారం తగ్గినందున." జతగా రెండు టైంటేబుళ్ళు. పోయినేడు నాకు వారానికి పదహారు గంటలు. ఈ యేడు అవే తరగతులు, అవే పదహారు గంటలు, కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి పేరు మీద ఉన్నాయి. పెర్సీ గ్రీన్ నాలుగు మాటలూ, ఆ పైన సాకూ, రెండు తెల్ల కాగితాల్లో. లాయరమ్మ చూసి, "ఇప్పుడు మాట్లాడుతాండాయి కాగితాలు" అన్నారు.

హైకోర్టులో రిట్ వేద్దామన్నారు. అమరావతి. పాపకు రెండు నెలలు. కుట్లు నొప్పి. ముందు లాయరు నోటీసు పంపించాం. నెలలు గడిచాయి. మరుసటి వేసవి సెలవులయ్యాక కాలేజీ నుంచి ఫోనొచ్చింది, వచ్చి చేరమని. ఏడాది జీతం గురించి గానీ, కారణం గురించి గానీ ఒక్క అక్షరం లేదు. నేను చేరాను. ఇంటి అద్దె ఉంది, పాప ఉంది. ముత్తమ్మ కేసు చదివి నవ్వుకున్న దాన్ని, అదే దారిలో నడిచాను. ఆమె వెనక తీర్పు మిగిలింది. నా వెనక అది కూడా లేదు. నేను చేరిన కొద్ది రోజులకే, 2023 ఆగస్టులో, డాక్టర్ కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగకూడదంది. సంతోషమే. అయితే ఆ గడువు తర్వాత కుర్చీ ఎవరిదన్న ప్రశ్నకు ఆ తీర్పు జవాబు కాదు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నిగా మిగిలేదాన్ని.

మళ్ళీ చేరాక పాత నోటుపుస్తకాలు సర్దుతుంటే 2020 నాటిది ఒకటి దొరికింది. ఆ ఏడు గెస్ట్ లెక్చరర్ల ఇంటర్వ్యూలకు పెద్దవాళ్ళు కూర్చుంటే, వివరాలు రాసుకునే పని నాకిచ్చారు. ఒక అమ్మాయి పేరు ఎదురుగా నా చేతిరాతలో ఉంది. "మంచి పాండిత్యం. స్పష్టమైన గొంతు. పాలు తాగే బిడ్డ ఉంది. పొద్దున క్లాసులకు రాలేకపోవచ్చు."

రాలేనని ఆమె అనలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. వరండాలో వాళ్ళమ్మ ఒళ్ళో బిడ్డను చూసి నేనే రాశాను. ఆమెకు ఉద్యోగం రాలేదు. పెద్దవాళ్ళు నా నోటుపుస్తకం చూశారో లేదో తెలియదు. అమెరికాలో ఆన్ హాప్కిన్స్ కేసులో, 1989లో, ఆమెను భాగస్వామిగా తీసుకోవాలా వద్దా అని తోటివాళ్ళు రాసిన అభిప్రాయాలే సాక్ష్యాలయ్యాయి. ఆడదానిలా నడవడం, నగలు పెట్టుకోవడం నేర్చుకోవాలని కూడా ఆమెకు సలహా ఇచ్చారు. నా నోటుపుస్తకం అలాంటిదే. ఆ అమ్మాయికి లాయరుంటే, నేను చిత్తూరు బస్సులో వెతుక్కున్న కాగితం ఇదే. అది రెండేళ్ళుగా నా బీరువాలోనే ఉంది. రాసింది పితృస్వామ్యం కదా అని తప్పించుకోవడానికి లేదు, చేతిరాత నాది.

వారం రోజులు తటపటాయించి ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మదనపల్లె వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తోంది. ఎవరో గుర్తుచేసుకోవడానికి కాసేపు పట్టింది. నేను రాసింది చదివి వినిపించాను. ఫోనులో ఏ శబ్దమూ లేదు. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆ పొద్దు నేను రాయలసీమ కథల మీద అడిగిన ప్రశ్నకు తప్పు చెప్పినాననుకున్నా మేడమ్. ఇన్నేళ్ళూ అదే అనుకుంటా ఉండా. మళ్ళా యాడికీ ఇంటర్వ్యూకు పోలేదు. చెప్పడం రాదేమోలే నాకు అని."

ఆమె తప్పు చెప్పలేదు. మంచి పాండిత్యం అని నేనే రాశాను. ఆ మాట కూడా చదివాను. "మళ్ళీ ఒకసారి చదవండి మేడమ్" అంది. చదివాను.

నేను ఇన్నాళ్ళూ రుజువు అంటే కోర్టుకు చూపించేది అనుకున్నాను. కారణం చెప్పకుండా పంపేసిన ఆడమనిషి తన కారణం తనే తయారుచేసుకుంటుంది. అది ఎప్పుడూ తన మీదికే వస్తుంది. నాకు చదువు రాదు, నాకు మాట రాదు, నేను బిడ్డను తీసుకుపోకుండా ఉండాల్సింది. ఏ యజమానీ అంత కఠినంగా రాయడు.

ఇప్పుడు ఇంటర్వ్యూల నోట్సు రాసే పని నాకు మళ్ళీ వచ్చింది. ప్రతి పేరు ఎదురుగా కారణం రాస్తాను, అడిగితే చూపించగలిగే కారణం. అడగని సంగతి రాయను. స్టాఫ్‌రూమ్‌లో కాంట్రాక్టు వాళ్ళం ఆర్డరు తేదీలు, గంటలు, జీతాలు ఒక కాగితం మీద రాసి అందరం ఒక్కో జిరాక్సు పెట్టుకున్నాం. మొదట్లో మగవాళ్ళు ఇబ్బంది పడ్డారు. తర్వాత వాళ్ళలోనూ తేడాలు బయటపడ్డాయి.

ఆ నోటుపుస్తకం పేజీని ఫొటో తీసి, ఎప్పుడు ఎక్కడ రాశానో కింద రాసి, సంతకం పెట్టి ఆ అమ్మాయికి పంపాను. దాంతో ఏం చేస్తుందో ఆమె ఇష్టం. ఇప్పుడు చాలా ఆలస్యమైందని లాయరమ్మ అన్నారు. ఆ అమ్మాయి మాత్రం పోయిన నెల ఫోన్ చేసి, ఒక డిగ్రీ కాలేజీ ఇంటర్వ్యూకు పోతున్నానని చెప్పింది.

"తీసుకోకపోతే ఏమి అడగాల మేడమ్?" అంది.

"కారణం రాసివ్వమని అడుగు" అన్నాను.